క్యాన్సర్ తగ్గాక మొదలయ్యే వైద్యం

1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక వ్యాసం రాశారు. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టిందన్నది దాని సారాంశం. ఆ మందు లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడి పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మెరుగు ఎక్కువ కాలం నిలవలేదు, జబ్బు తిరగబెట్టింది. అయినా మందుతో బ్లడ్ క్యాన్సర్‌ను వెనక్కి నెట్టవచ్చని లోకానికి మొదటిసారి స్పష్టంగా తెలిసింది. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు. అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లో డాక్టర్లు ఇవాళ్టికీ వాడుతున్నారు.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. ధనిక దేశాల్లో ఇది వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇప్పుడు అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. మన దేశంలోనూ మంచి ఆస్పత్రికి వేళకు చేరి, చికిత్స మధ్యలో మానని పిల్లల్లో చాలామంది కోలుకుంటున్నారు. పెద్దల సంఖ్య ఇంకా పెద్దది. 2022 నాటి అంతర్జాతీయ అంచనాల ప్రకారం, గడచిన అయిదేళ్లలో క్యాన్సర్ బయటపడి ఇంకా జీవించి ఉన్నవారు ప్రపంచమంతటా సుమారు 5.35 కోట్లు.

వీళ్లందరికీ ఏదో ఒక రోజు డాక్టరు నోటి నుంచి ఒక మాట వినపడుతుంది: “ట్రీట్‌మెంట్ అయిపోయింది.” ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, మొక్కులు తీర్చుకుంటారు. రిపోర్టుల ఫైలు బీరువా పైకి చేరుతుంది. వైద్యశాస్త్రం గత 50 ఏళ్లలో కష్టపడి నేర్చుకున్న పాఠం మాత్రం వేరు. ఆ రోజు ఒక వైద్యం ముగుస్తుంది, మరొకటి మొదలవుతుంది. ఈ రెండోది ఎలా ఉండాలో రోగికి తెలియాలి, రాసి ఇవ్వాలి. మన దగ్గర ఎక్కువగా తెగిపోతున్నది ఈ ముడే.

నయమైన పిల్లలు పెద్దయ్యాక

పిల్లల క్యాన్సర్‌లో నయం చేయడంతోనే సరిపోదని అమెరికన్ రేడియేషన్ నిపుణుడు గియులియో డాంజియో 1975లోనే హెచ్చరించారు. పదేళ్ల తర్వాత, 1985లో, ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే వైద్యుడు ఇదే విషయాన్ని రోగి వైపు నుంచి చెప్పారు. ఆయనకు 32 ఏళ్ల వయసులో ఛాతీలో క్యాన్సర్ బయటపడింది. బతకడం మూడు దశలుగా సాగుతుందని ఆయన రాశారు. మొదటిది చికిత్స నడిచే దశ. రెండోది చికిత్స ముగిసినా జబ్బు మళ్లీ వస్తుందేమోనన్న భయం వెంటాడే దశ. మూడోది నయమైందని దాదాపుగా నమ్మకం కుదిరినా, ఉద్యోగం, బీమా, శరీరంలో మిగిలిన లోపాల వంటి కొత్త చిక్కులు ఎదురయ్యే దశ. ఆస్పత్రుల శ్రమంతా మొదటి దశలోనే ఖర్చయిపోతోందని ఆయన వాదన.

ఆ వాదనకు లెక్కలతో బలమిచ్చింది 1994లో అమెరికా, కెనడాల్లో మొదలైన ‘చైల్డ్‌హుడ్ క్యాన్సర్ సర్వైవర్ స్టడీ’. చిన్నతనంలో క్యాన్సర్ వచ్చి తగ్గినవారిని పరిశోధకులు దశాబ్దాల పాటు వెంబడించి వారి ఆరోగ్యాన్ని నమోదు చేశారు. 10,397 మందిని పరిశీలించి 2006లో ప్రచురించిన ఫలితాల్లో, 62 శాతం మందికి కనీసం ఒక దీర్ఘకాలిక అనారోగ్యం ఉన్నట్టు తేలింది. 27 శాతం మందికి అది తీవ్రమైనది లేదా ప్రాణాంతకమైనది. వాళ్ల తోబుట్టువులతో పోలిస్తే తీవ్ర అనారోగ్యాల ముప్పు 8 రెట్లు ఎక్కువ.

ఈ అంకెలు చూసి బెంబేలెత్తనక్కర్లేదు. వీళ్లు 1970లు, 80ల నాటి మోటు చికిత్సలు తీసుకున్నవాళ్లు. పైగా ఈ అనారోగ్యాల్లో చాలావాటిని ముందే పసిగట్టవచ్చు. పసిగడితే అదుపు చేయవచ్చు. అయితే ఎవరిలో, ఎప్పుడు, దేని కోసం వెతకాలో తెలిసి ఉండాలి.

ఎర్రమందు, గుండె

కీమో వార్డులో డాక్సోరుబిసిన్‌ను గుర్తుపట్టడం తేలిక. సెలైన్ గొట్టంలో ఎర్రగా దిగుతుంది. అది ఎక్కించిన తర్వాత ఒకట్రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. రొమ్ము క్యాన్సర్, లింఫోమా, ఎముక క్యాన్సర్, బ్లడ్ క్యాన్సర్లలో ఎన్నో ప్రాణాలు కాపాడిన మందు ఇది.

కణం రెండుగా చీలేటప్పుడు మెలికలు పడిన డీఎన్‌ఏను విప్పడానికి టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైము పనిచేస్తుంది. అది డీఎన్‌ఏ పోగును కత్తిరించి, మెలిక తీసి, మళ్లీ అతికిస్తుంది. డాక్సోరుబిసిన్ ఆ ఎంజైమును పట్టుకుని అతికించే పని జరగనివ్వదు. తెగిన డీఎన్‌ఏతో క్యాన్సర్ కణం చచ్చిపోతుంది. చిక్కు ఎక్కడంటే, ఈ ఎంజైములో రెండు రకాలున్నాయి. వేగంగా చీలే కణాల్లో ఎక్కువగా ఉండేది ఆల్ఫా రకం. గుండె కండరంలో ఉండేది బీటా రకం. మందు రెండింటినీ పట్టుకుంటుంది. గుండె కణంలో డీఎన్‌ఏ తెగడమే కాక, శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలూ దెబ్బతింటాయి.

చర్మంలా, పేగు పొరలా గుండె కండరం తనను తాను తిరిగి పెంచుకోలేదు. పోయిన కణాల పనిని మిగిలినవి నెత్తిన వేసుకుంటాయి. పదేళ్లు, ఇరవయ్యేళ్లు ఏ తేడా తెలియకుండా గడిచిపోవచ్చు. తర్వాత బీపీ పెరిగినప్పుడో, ఒళ్లు వచ్చినప్పుడో, గర్భం దాల్చినప్పుడో గుండెపై భారం పెరిగి ఆయాసం, కాళ్ల వాపు మొదలవుతాయి. అప్పటికి ఆలస్యమైనట్టే. అంతకు ఎంతో ముందే గుండె పంపింగ్ తగ్గుతున్న సంగతి ఎకో పరీక్షలో కనిపిస్తుంది. ఆ దశలోనే మాత్రలు మొదలుపెట్టే వీలుంటుంది.

ముప్పు ఎంతన్నది మొత్తం ఎంత మందు ఎక్కిందన్న దాన్ని బట్టి ఉంటుంది. శరీర వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు, అంతకు మించి ఎక్కినవారిని ఎక్కువ ముప్పున్నవారిగా లెక్కిస్తారు. అందుకే ఆ మొత్తం ఎంతో రోగికి తెలియాలి. “ఎర్రమందు ఎక్కించారు” అన్నంత మాత్రాన ఇరవయ్యేళ్ల తర్వాత చూసే డాక్టరుకు అది పనికిరాదు.

ఒక్క పేజీ చెప్పే కథ

అమెరికాలోని చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ 2003 నుంచి దీర్ఘకాలిక ఫాలోఅప్ మార్గదర్శకాలను ప్రచురిస్తూ, కొత్త ఆధారాలు వచ్చినప్పుడల్లా సవరిస్తోంది. వాటి మూలసూత్రం సరళం. ఏ క్యాన్సర్ వచ్చిందన్నదాని కన్నా, దానికి ఏ మందు, ఎంత, ఏ వయసులో, ఏ అవయవం మీద రేడియేషన్ ఎంత ఇచ్చారన్నదే ఆ మనిషికి జీవితాంతం చేయాల్సిన పరీక్షలను నిర్ణయిస్తుంది.

ఉదాహరణకు 15 ఏళ్ల అమ్మాయికి హాడ్జ్‌కిన్ లింఫోమా వచ్చిందనుకుందాం. ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమో ఆరు సైకిళ్లు ఇచ్చారు. తర్వాత మెడకూ ఛాతీకీ 20 గ్రే రేడియేషన్ ఇచ్చారు. మన వాళ్ల మాటల్లో కరెంటు పెట్టారు. జబ్బు పూర్తిగా తగ్గింది. ఆ అమ్మాయి చేతికి ఇవ్వాల్సిన కాగితాన్ని వరసగా చదువుదాం.

డాక్సోరుబిసిన్ చదరపు మీటరుకు సైకిల్‌కు 50 చొప్పున మొత్తం 300 మిల్లీగ్రాములు, అంటే 250 గీత దాటింది. పైగా ఛాతీకి రేడియేషన్ కూడా తగిలింది. కాబట్టి రెండేళ్లకోసారి ఎకో తీయించుకోవాలి. పెళ్లయి గర్భం దాల్చాలనుకున్నప్పుడు ముందుగానే, కుదరకపోతే తొలి మూడు నెలల్లో, గుండె పరీక్ష చేయించుకుని ప్రసూతి వైద్యురాలికి ఈ సంగతి చెప్పాలి.

తర్వాతి వరస బ్లియోమైసిన్. ఇది ఊపిరితిత్తులను గట్టిపరచగలదు. చికిత్స అయ్యాక ఒకసారి ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష అవసరం. ఎప్పుడైనా ఆపరేషన్ జరిగితే మత్తు డాక్టరుకు ఈ మందు పేరు చెప్పాలి. సిగరెట్ ముట్టకూడదు.

మెడకు రేడియేషన్ ఇచ్చారు గనుక థైరాయిడ్ నెమ్మదిగా మందగించవచ్చు. ఏడాదికోసారి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయిస్తూ, మెడలో గడ్డలున్నాయేమో డాక్టరుతో చూపించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఆఖరి వరస. ఎదిగే వయసులో ఛాతీకి రేడియేషన్ తగిలిన ఆడపిల్లల్లో 50 ఏళ్లు వచ్చేసరికి సుమారు 30 శాతం మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుందని 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉన్నవాళ్ల ముప్పుకు ఇది దాదాపు సమానం. మామూలు స్త్రీలు 40 దాటాక ఆలోచించే మామోగ్రామ్‌ను, ఈ అమ్మాయి ఎంఆర్‌ఐతో పాటు 25వ ఏట నుంచే ఏటా చేయించుకోవాలి.

ఇంత సమాచారమూ ఒక్క పేజీలో పడుతుంది. అది చేతిలో లేకపోతే పాతికేళ్ల ఆరోగ్యవంతురాలైన యువతికి మామోగ్రామ్ రాయాలని ఏ డాక్టరుకు మాత్రం ఎలా తడుతుంది? పాత ఆస్పత్రి వేరే ఊళ్లో ఉంటుంది. కేసుషీటు దొరకదు. చికిత్స నాటికి పదిహేనేళ్ల పిల్ల గనుక మందుల పేర్లు ఆమెకూ తెలియవు. అమ్మానాన్నలకు గుర్తున్నది జుట్టు ఊడిపోవడం, వాంతులు, అప్పులు.

ఇలాంటి వరసలు ఇంకా చాలా ఉన్నాయి. సిస్‌ప్లాటిన్ పడిన పిల్లలకు వినికిడి తగ్గవచ్చు. బడిలో వెనకబడిన పిల్లాడికి లోపం తెలివిలోనా, చెవిలోనా అన్నది ఆడియోమెట్రీ తేలుస్తుంది. సైక్లోఫాస్ఫమైడ్ మోతాదు పెరిగిన కొద్దీ సంతానోత్పత్తి శక్తి తగ్గే ముప్పు పెరుగుతుంది. యుక్తవయసు వచ్చిన అబ్బాయిల వీర్యాన్ని చికిత్సకు ముందే భద్రపరచుకోవచ్చన్న సంగతి ఆ కంగారులో చెప్పేవారు తక్కువ. స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవారిలో తుంటి ఎముక లోలోపల దెబ్బతిని నొప్పి రావచ్చు.

మన ఊళ్లలోని పెద్దలకు

తెలుగు నేల మీద నోటి క్యాన్సర్ పాత శత్రువు. గుట్కా, ఖైనీలకు తోడు ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. నోటికి, దవడకు రేడియేషన్ పడ్డవారికి రెండు విషయాలు జీవితాంతం గుర్తుండాలి.

మొదటిది నోరు తెరుచుకోవడం. రేడియేషన్‌కు దవడ కండరాలు కొద్దికొద్దిగా బిగుసుకుపోతాయి. మన మూడు వేళ్లను నిలువుగా పళ్ల మధ్య పెట్టగలిగితే నోరు చాలినంత తెరుచుకుంటున్నట్టు. రెండు వేళ్లకు వచ్చేసిందంటే దవడ వ్యాయామాలు వెంటనే మొదలుపెట్టాలి. ఆలస్యం చేస్తే అన్నం ముద్ద పట్టని స్థితి వస్తుంది. రెండోది పన్ను పీకించుకోవడం. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తప్రసారం తగ్గి ఉంటుంది. ఏళ్లు గడిచాక పన్ను పీకినా ఆ గాయం మానక ఎముక కుళ్లిపోవచ్చు. పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోగానే చెప్పాల్సిన మొదటి మాట ‘నాకు దవడకు కరెంటు పెట్టారు’ అని. పొగాకు మానకపోతే నోట్లో మరోచోట కొత్త క్యాన్సర్ మొలిచే ముప్పు ఎటూ ఉంది.

రొమ్ము క్యాన్సర్ తగ్గిన స్త్రీలది మరో దారి. చంకలో గ్రంథులు తీసేసిన వైపు చేయి నెలలకో ఏళ్లకో వాయవచ్చు. చేయి బరువుగా అనిపించడం, ఆ చేతి గాజులు బిగుతు కావడం తొలి గుర్తులు. అప్పుడే వెళితే బిగుతు తొడుగు, వ్యాయామం, మర్దనతో వాపు అదుపులో ఉంటుంది. హార్మోన్ రకం క్యాన్సర్ అయినవారికి టామాక్సిఫెన్, లెట్రోజోల్ వంటి మాత్రలు అయిదేళ్లు, కొందరికి పదేళ్లు రాస్తారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని చాలామంది మధ్యలో మానేస్తారు. ఈ రకం క్యాన్సర్ అయిదేళ్ల తర్వాత కూడా, 20 ఏళ్ల వరకు తిరగబెట్టే అవకాశం ఉందని 2017లో వెలువడిన పెద్ద విశ్లేషణ తేల్చింది. కాబట్టి మాత్ర మానాలా వద్దా అన్నది డాక్టరుతో మాట్లాడే తేల్చుకోవాలి. లెట్రోజోల్ ఎముకలను పలచబరుస్తుంది గనుక ఎముక సాంద్రత పరీక్ష కావాలి. టామాక్సిఫెన్ వాడుతూ ముట్లు ఆగినవారికి రక్తస్రావం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

ఫాలోఅప్ అంటే ఏటా ఒళ్లంతా స్కాన్ చేయించుకోవడమని మరో అపోహ. ఏ లక్షణమూ లేని రొమ్ము క్యాన్సర్ విజేతలకు ఏటా పెట్ స్కాన్లు, ట్యూమర్ మార్కర్లు చేయించాలని మార్గదర్శకాలు చెప్పవు. డాక్టరు చేతి పరీక్ష, ఏడాదికోసారి మామోగ్రామ్ చాలు. అవసరం లేని స్కాన్‌కు డబ్బు ఖర్చు, అదనపు రేడియేషన్, ఫలితం వచ్చేదాకా నిద్రలేని రాత్రులు. ఎవరికి ఏది అవసరమో అదే చేయడం మంచి ఫాలోఅప్.

మనసు, పెళ్లి, కొలువు

చెకప్ తేదీ దగ్గరపడుతుంటే ఆకలి మందగించడం, ఏ చిన్న నొప్పి వచ్చినా ‘మళ్లీ అదేనేమో’ అని గుండె జారిపోవడం చాలామందికి అనుభవమే. “నయమైంది కదా, ఇంకా దిగులెందుకు?” అనే ఇంటివారి మాట ఆ మనిషిని మరింత ఒంటరిని చేస్తుంది. ఈ భయానికి కౌన్సెలింగ్ పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. అదే దారి నడిచి వచ్చినవారితో మాట్లాడటం ఇంకా ధైర్యాన్నిస్తుంది.

మన సమాజంలో పెళ్లి మాట దగ్గర ఈ బాధ పదునెక్కుతుంది. ఆడపిల్ల క్యాన్సర్ సంగతి దాచమని బంధువులు ఒత్తిడి తెస్తారు. దాచడం కోసం చెకప్‌లు మాన్పించే ఇళ్లూ ఉన్నాయి. ఈ జబ్బు అంటుకునేది కాదు. పిల్లల క్యాన్సర్లలో అత్యధికం వంశపారంపర్యమైనవీ కావు. రెటీనోబ్లాస్టోమా వంటి కొన్నింటిలో మాత్రం జన్యు పరీక్ష, సలహా అవసరమవుతాయి. చికిత్స తీసుకున్నవారికి పుట్టిన పిల్లల్లో అవకరాల ముప్పు పెరిగినట్టు పెద్ద అధ్యయనాల్లో కనిపించలేదు. ఈ మాటలు డాక్టరు నోటి నుంచి కుటుంబమంతా వినేలా చేయడం కూడా ఫాలోఅప్‌లో భాగమే.

చట్టం కూడా అండగా నిలవగలదు. క్యాన్సర్ తగ్గి నిర్ణీత కాలం గడిచాక, ఇంటి రుణానికి బీమా తీసుకునేటప్పుడు ఆ జబ్బు గురించి చెప్పనక్కర్లేదని ఫ్రాన్స్ 2016లో చట్టం చేసింది. మొదట పదేళ్లుగా ఉన్న ఆ గడువును 2022లో అయిదేళ్లకు తగ్గించింది. యూరప్‌లో మరికొన్ని దేశాలు అదే బాట పట్టాయి.

మందుల షాపులో దొరకని మందు ఒకటుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందితో సాగిన ‘ఛాలెంజ్’ ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి. శిక్షకుల తోడుతో మూడేళ్లు క్రమంగా వ్యాయామం చేసినవారిలో ఎనిమిదేళ్లకు 90 శాతం మంది బతికి ఉన్నారు. ఆరోగ్య సలహాల పుస్తకం మాత్రమే అందుకున్నవారిలో అది 83 శాతం. ఆ వ్యాయామంలో ఎక్కువమంది ఎంచుకోగలిగింది చురుకైన నడకే. “తీరికగా నడవండి” అని చెప్పి పంపడంతో ఈ ఫలితం రాలేదు. వెంట ఉండి, గుర్తుచేసి, నడిపించినందుకు వచ్చింది.

మన దగ్గర వేసిన అడుగులు

భారతదేశంలో ఈ పనికి పునాది ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రిలో పడింది. 1991లో డాక్టర్ పూర్ణా కుర్కురే అక్కడ చికిత్స ముగిసిన పిల్లల కోసం ‘యాక్ట్’ క్లినిక్ ప్రారంభించారు. చికిత్స అయ్యాక రెండేళ్లు గడిచిన పిల్లలు ఏటా అక్కడికి వస్తారు. ఎత్తు, బరువు, గుండె, హార్మోన్లు, చదువు, మనసు అన్నీ ఒకే గొడుగు కింద చూస్తారు. అక్కడ పెరిగి పెద్దయిన యువత 2009లో ‘ఉగమ్’ అనే బృందంగా ఏర్పడి కొత్త రోగుల కుటుంబాలకు ధైర్యం చెబుతోంది.

తెలుగు రాష్ట్రాల్లో 1955లో మొదలైన హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆస్పత్రి, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి వేలమందికి చికిత్స అందిస్తున్నాయి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదల ఆపరేషన్లకు, కీమోకు ఆసరా అయింది. చికిత్సకు ఇంత చేశాక, దాని ఫలం నిలబెట్టే ఫాలోఅప్‌ను జిల్లా దాకా తీసుకెళ్లడం తర్వాతి మెట్టు. ఎకో, థైరాయిడ్ పరీక్ష, ఆడియోమెట్రీ ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనే దొరుకుతాయి. ఏడాదికోసారి పరీక్షల కోసం కూలి మానుకుని రాత్రంతా బస్సులో హైదరాబాద్ వెళ్లాలంటే, మూడో ఏడాదికి ఆ రాక ఆగిపోతుంది.

ఫాలోఅప్ వల్ల మేలు ఆ ఒక్క రోగితో ఆగదు. 1960లలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆస్పత్రి, కీమోకు మెదడు రేడియేషన్ జోడించి పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ను సగం మందిలో నయం చేసి చూపింది. ఆ పిల్లలు పెద్దయ్యే కొద్దీ చదువులో వెనకబాటు, ఎదుగుదల లోపం, కొందరిలో మెదడు కణుతులు బయటపడ్డాయి. ఆ వివరాలు చేతికందాకే వైద్యులు రేడియేషన్ మోతాదు తగ్గించారు. ఆపైన నేరుగా వెన్నులోకి ఇచ్చే మందులతో రేడియేషన్ లేకుండానే నయం చేయవచ్చని 2009లో అదే ఆస్పత్రి నిరూపించింది. అమెరికాలో 1970ల తొలినాళ్లలో, అయిదేళ్లు గట్టెక్కిన పిల్లల్లో కూడా 12.4 శాతం మంది పదిహేనేళ్లలోపే చనిపోయేవారు. 1990లకు అది 6 శాతానికి దిగింది. పాత రోగులు ఏటా వచ్చి చూపించుకోవడం వల్లే తర్వాతి పిల్లలకు మెత్తటి చికిత్స దొరికింది.

మీ ఇంట్లో ఎవరికైనా చికిత్స ముగుస్తుంటే, ఆస్పత్రి గడప దాటేముందు డాక్టరును ఇవి రాసిమ్మని అడగండి: ఏ క్యాన్సర్, ఏ దశ, ఏ మందులు మొత్తం ఎంత, ఏ భాగానికి రేడియేషన్ ఎంత, ఏ ఆపరేషన్, ఇకపై ఏ పరీక్ష ఎన్నాళ్లకోసారి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి. చికిత్స ఎప్పుడో ముగిసినా సరే, ఆ ఫైలు కిందికి దించి, వెళ్లి అడగండి. దాన్ని ఫోనులో ఫొటో తీసి ఇంట్లో మరొకరికి పంపి ఉంచండి. పిల్లల విషయంలో వాళ్లకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి అందులోని ప్రతి వరసా వాళ్లకే అర్థమయ్యేలా చెప్పండి. లక్షలు పోసి, నెలల తరబడి బాధలు పడి కాపాడుకున్న ప్రాణం అది. దాన్ని కాపాడుతూ ఉండటానికి కావలసిన సమాచారం ఆ ప్రాణం సొంతదారుకు దక్కాలి. అడగడం రోగి హక్కు, ఇవ్వడం ఆస్పత్రి బాధ్యత.